పట్టుచీర, పగటి వెలుగు, పాత స్పీకర్లు

పట్టుచీర కొనేటప్పుడు మనం ఆడవాళ్ళం ఒక పని తప్పకుండా చేస్తాం. కొట్లో దీపాల కింద చీర ఎంత ముచ్చటగా కనిపించినా సరే, దాన్ని గుమ్మం దాకా తెచ్చి, ఓ మడత విప్పి, పగటి వెలుగులో పెట్టి చూస్తాం. లోపల నెమలికంఠం రంగు అనుకున్నది బయటికొచ్చేసరికి ఉత్త నీలమై కూచుంటుంది. కొట్లో అబ్బాయి "రెండూ ఒకటే రంగు కదమ్మా" అంటాడు గానీ, అతనికీ తెలుసు, మనకీ తెలుసు. కొట్లో దీపాలు చీర అమ్మడానికి పెట్టినవి. ఎండకు అమ్ముకోవలసిందేమీ లేదు.

పాటకు కూడా ఇలాంటి గుమ్మం ఒకటుందని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. దాన్ని మానిటరు స్పీకరు అంటారట. ఆ సంగతి చెప్పింది మా అన్నయ్య కూతురు. తిరుపతిలో చదువు ముగించి, ఉద్యోగం చూసుకోవే అంటే చూసుకోకుండా, మేడమీద గదిలో ఒక కంప్యూటరూ మైకూ పెట్టుకుని పాటలు రికార్డు చేస్తానని కూచుంది. భజన మండలి వాళ్ళూ, సంగీతం నేర్చుకునే పిల్లలూ వచ్చి పాడిపోతుంటారు. ఓనాడు ఫోను చేసి, "అత్తా, నాకు ఒక జత స్పీకర్లు కావాల. కొత్తవాటి జోలికి పోలేను, పాతవి కొంటా" అంది.

"ఇంట్లో ఉన్నవాటికేం వచ్చింది?" అన్నాను. దసరాకి కొన్న స్పీకర్లు ఉన్నాయి మరి; పాట పెడితే అలమరలో గ్లాసులు కూడా తాళం వేస్తాయి.

"అవి అన్నిటినీ బాగుందనే చెప్తాయత్తా. బాగలేంది బాగలేదని చెప్పేవి కావాల."

ఆ నెల నా చీటీ డబ్బు చేతికొచ్చిందన్న కబురు దానికి ఎలాగో తెలిసిందన్నమాట. ఊరికే తీసిచ్చేస్తే పెద్దరికం ఏం మిగులుతుంది? అసలీ పెట్టెల కథా కమామిషూ ఏమిటో తెలిస్తే గానీ ఇవ్వనన్నాను. తెలుసుకోవడం మొదలెట్టాక నాకే రుచి పట్టుకుంది. అదిగాక నా స్వార్థం ఒకటుంది. 1984లో చిత్తూరులో మా ఇంట్లో, కువైట్ నుంచి వచ్చిన పక్కింటివాళ్ళ టేపురికార్డరు అడిగి తెచ్చుకుని, మా అమ్మ పాడిన మంగళహారతులు ఒక క్యాసెట్టు నిండా పట్టాం. అమ్మ పోయింది, క్యాసెట్టు ఉంది. ఆ గొంతును శుభ్రం చేసి అందరికీ తలొక కాపీ ఇస్తానని పిల్ల మాటిచ్చింది. మంచి స్పీకర్లు లేకుండా ముట్టుకుంటే గొంతును కూడా గీకేస్తానేమోనని భయం దానికి.

మిక్సింగు అంటే మిక్సీలో వేసి గిర్రున తిప్పడం అనుకునేరు, నేనూ అలాగే అనుకున్నాను. పాటలో గొంతు, వయొలిన్, మృదంగం, తంబురా వేరువేరుగా పట్టి ఉంటాయి. ఏది ఎంత వినబడాలో చూసి కలపడమే మిక్సింగు. పులుసులో బెల్లం ఉన్నట్టు తెలియాలి, బెల్లం నోటికి తగలకూడదు. అయితే ఉప్పు చూసే మనిషికి జలుబు చేసి ఉంటే? ఇంకాస్త, ఇంకాస్త అని వేసేస్తుంది, విస్తళ్ళ ముందు కూచున్నవాళ్ళు నీళ్ళు తాగి లేస్తారు. స్పీకరు సంగతీ అంతే. మృదంగాన్ని గుబగుబలాడించి వినిపించే స్పీకరు ముందు కూచుని కలిపితే, ఎక్కువైందనుకుని తగ్గించేస్తాం. ఆ పాటే ఇంకొకరి ఇంట్లో పెడితే మృదంగం అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. అందుకని కలిపేవాళ్ళ ఎదుట ఉండే స్పీకరుకు తన రుచంటూ ఉండకూడదు. ఉన్నా, అది ఏ రుచో కలిపేవాళ్ళకు తెలిసి ఉండాలి. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని పడుతుంది.

ఇక చరిత్ర. మన దేశంలో గ్రామఫోను కంపెనీ మొట్టమొదట పాటలు పట్టింది 1902లో, కలకత్తాలో. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఓడెక్కి వచ్చి గౌహర్ జాన్ పాట పట్టాడు. అప్పుడు మైకూ లేదు, స్పీకరూ లేదు. ఒక పెద్ద బూరాలోకి గొంతెత్తి పాడితే, ఆ అదురు మైనం మీద గీతలుగా పడేది. ఎలా వచ్చిందో అప్పటికప్పుడు విని సర్దుకునే వీలులేదు. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్ళకు ఏ పాట ఎవరిదో తెలియాలి గనక, పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. ఆ పేరు చెప్పుకోవడంలో ఉన్న ధీమా నాకు పాటకంటే ఎక్కువ నచ్చుతుంది.

ఇవాళ మన ఇళ్ళల్లో ఉండే స్పీకరుకు తాతలాంటిది 1925లో వచ్చింది. అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో రైస్, కెల్లాగ్ అని ఇద్దరు ఇంజనీర్లు, అయస్కాంతం మధ్య రాగితీగ చుట్టను వేలాడదీసి, దానికి కాగితపు గరాటా ఒకటి అంటించారు. కరెంటు వచ్చిపోతుంటే చుట్ట ముందుకూ వెనక్కూ ఆడుతుంది, గరాటా గాలిని తోస్తుంది, ఆ గాలే పాట. నూరేళ్ళు గడిచినా లోపలి కీలకం అదే. కాగితం పోయి ప్లాస్టిక్కు వచ్చింది, ఇంకేవో వచ్చాయి గానీ రోలూ రోకలీ మాత్రం మారలేదు.

పాట పట్టేచోట, గాజు కిటికీ అవతల కూచుని వినే ఇంజనీర్లకని ప్రత్యేకంగా స్పీకర్లు తయారుకావడం 1940లలో బాగా ఊపందుకుంది. ఆల్టెక్ కంపెనీ 604 అన్నది అప్పటిదే; బీరువా అంత పెట్టెలో ఉండేది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం లండను బీబీసీ వాళ్ళ కథ. రేడియోలో వార్తలు చదివే మనిషి గొంతు స్పీకర్లో ఎలా వినబడాలి? గదిలో ఎదురుగా కూచుని చదివితే ఎలా ఉంటుందో అలా. బీబీసీ ఇంజనీర్లు మనిషి గొంతునే కొలబద్దగా పెట్టుకుని స్పీకర్లు తయారుచేశారు. ఊళ్ళోకి వెళ్ళి రికార్డు చేసే వ్యానుల్లో ఇమిడేటట్టు 1970లలో ఒక చిన్న పెట్టె చేశారు, ఎల్.ఎస్.3/5ఎ అని. అడుగు ఎత్తు కూడా సరిగ్గా ఉండదు గానీ, ఇవాళ పాతవాటి బజారులో దాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి.

ఆ బీబీసీలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు సొంతంగా కంపెనీలు పెట్టుకున్నారు. స్పెన్సర్ హ్యూస్ తన కంపెనీకి స్పెండార్ అని పేరు పెట్టాడు. స్పెన్సర్‌లో 'స్పెన్', ఆయన భార్య డొరొతీలో 'డార్' అన్నమాట. తర్వాత 1977లో డడ్లీ హార్వుడ్ ఇంకొకటి పెట్టి హార్బెత్ అన్నాడు. 'హార్' ఆయనది, 'బెత్' భార్య ఎలిజబెత్‌ది. పెట్టెల మీద పేర్లు చూసి ఏదో గ్రీకు మాట కాబోలు అనుకుంటాం గానీ, అవి పెళ్ళిపత్రికలో జంట పేర్లే! మన ఊళ్ళలో భార్య పేరు మీద చీరల కొట్టుంటుంది, రైసుమిల్లుంటుంది. వాళ్ళకి స్పీకర్లు.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికి వస్తాను. 1978లో జపానులో యమహా కంపెనీ ఎన్.ఎస్.10 అని ఒక జత విడుదల చేసింది. ఇంట్లో కూచుని పాటలు వినేవాళ్ళకని చేసింది. నల్లపెట్టె, మధ్యలో తెల్లటి గరాటా. మన మరమరాల పొట్లం ఎలా చుడతారు? అలా కాగితాన్ని చుట్టి, అంచు అంటించి చేసిన గరాటా అది. ఇళ్ళవాళ్ళు దాన్ని మెచ్చలేదు. గొంతు గీరగా ఉందన్నారు, కింది స్థాయి నాదం లేదన్నారు. ఇక ఇది అటక ఎక్కాల్సిందే అనుకుంటుండగా, అమెరికాలో పాటలు కలిపే ఇంజనీర్లు దాన్ని ఎత్తుకున్నారు. పాటలో ఏ లోపం ఉన్నా ఇది దాచదు, దీనిమీద బాగుందనిపిస్తే ఎక్కడైనా బాగుంటుంది అన్నారు. బాబ్ క్లియర్‌మౌంటెన్ అనే పేరుమోసిన ఇంజనీరు వల్ల అది వ్యాపించిందని చెబుతారు. పైస్థాయి ధ్వనులు మరీ చెవుల్లో గుచ్చుతున్నాయని, ఆ చిన్న స్పీకరు మీద స్నానాలగది కాగితం ముక్క అంటించి వాడేవాళ్ళట. లక్షలు పోసి కట్టిన స్టూడియోలో స్పీకరుకు కాగితం ముక్క! మనం కుక్కరు వెయిటు సరిగ్గా కూచోకపోతే గుడ్డపీలిక చుట్టడం లేదూ? 2001లో ఆ గరాటాకు కావలసిన రకం గుజ్జు ఇక దొరకదని యమహా వాళ్ళు తయారీ ఆపేశారు. 2008లో దానికి గ్రామీ వాళ్ళ సాంకేతిక బహుమానం వచ్చింది. ఇళ్ళవాళ్ళు వద్దన్న పిల్ల అలా గెలిచింది.

దానితోపాటు ఇంకొక బుడ్డ పెట్టె ఉండేది, ఆరటోన్ అని. దోసిట్లో పట్టేంత చదరపు పెట్టె, లోపల ఒకే ఒక స్పీకరు. వినడానికి చవక రేడియోలా ఉంటుంది. కావాలని అలా ఉంటుంది. 1982 నాటి మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాటలు కలిపిన బ్రూస్ స్వీడియన్ దాన్ని దగ్గర పెట్టుకునేవాడు. కోటీశ్వరుల స్టూడియోలో కూచుని, బీదవాడి రేడియోలో ఈ పాట ఎలా ఉంటుందో విని చూసుకోవడమన్నమాట.

ఇదంతా చదువుతుంటే నాకు మన తిరుపతి గుర్తుకొచ్చింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం గ్రామఫోను రికార్డుగా వచ్చింది 1963లో. ఆ పాటను మనలో ఎంతమంది మంచి స్పీకర్లో విన్నాం చెప్పండి? గుడి మీద కట్టిన సత్తు గరాటాలో విన్నాం. పక్కింటి ట్రాన్సిస్టర్లో విన్నాం. బస్టాండు టీకొట్లో, బస్సులో డ్రైవరు తల మీద వేలాడే డబ్బాలో విన్నాం. అయినా ఒక్క అక్షరం పోలేదు. ఆవిడ గొంతులో ఉన్న స్పష్టత మొదటి కారణమనుకోండి. ఆ గొంతును పట్టి, వెనక తంబురాను ఎంత ఉంచాలో అంతే ఉంచిన ఇంజనీరు చెవి రెండో కారణం. ఆ పేరు మనకు తెలియదు. వంట బాగుందని అంటాం గానీ, ఉప్పు ఎవరు చూశారని అడుగుతామా? పూర్ణకుంభం కూడలిలో ఎమ్మెస్ విగ్రహం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు ఆ పేరు తెలియని మనిషి కూడా నాకు గుర్తుకొస్తున్నాడు.

అన్నమయ్య సంగతి ఇంకా విచిత్రం. 1503లో ఆయన పోయాక, పాటలన్నీ రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో చిన్న గదిలో దాచారు. అవి 1922లో బయటపడ్డాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పెద్దలు కూచుని చదివి అచ్చుకు ఎక్కించారు. పన్నెండు వేల పైచిలుకు పాటలు. రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే పాట ఉంది, చప్పుడు లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలైనవాళ్ళు మళ్ళీ బాణీలు కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి గారు స్వరపరచిన కీర్తనలు ఎమ్మెస్ నోట రికార్డులకెక్కాయి. తర్వాత క్యాసెట్ల యుగం వచ్చి ఆ పాటలు మన వంటింట్లోకి నడిచొచ్చాయి. అన్నమయ్య పాటకు మాటే ప్రాణం. వయొలిన్ గొప్పగా వినిపించి మాట మునిగిపోయిందంటే, పాట తిరిగి రాగిరేకుల గదిలోకి వెళ్ళిపోయినట్టే లెక్క.

చిత్తూరు వాళ్ళం మేమూ తక్కువ తినలేదు లెండి. నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో అయినా, చిత్తూరులో నాటకాలాడి, ఆ ఊరినే ఇంటిపేరు చేసుకున్నారు. ఆయన గొంతు విన్నవాళ్ళకు పాటలో మాట ఎంత మెత్తగా, ఎంత తేటగా పలకవచ్చో వేరే చెప్పక్కర్లేదు.

సరే, కొనుగోలుకు వస్తాను. తిరుపతిలో ఒకచోట పాత స్పీకర్లు ఉన్నాయంటే మొదట అక్కడికే వెళ్ళాం. నా నడుము ఎత్తు పెట్టెలు, టేకు రంగు. చూడగానే నేను సరే అనేదాన్ని. పిల్ల ముందు జాలీ తీయమంది. గరాటా చుట్టూ పెట్టెకు అతికే చోట మెత్తటి స్పంజి అంచు ఒకటి ఉంటుంది. పాత సోఫాలో స్పంజి పొడిపొడిగా రాలడం చూశారు కదా, సరిగ్గా అలా వేలు తగలగానే నల్లపొడి రాలింది. పది పదిహేనేళ్ళు దాటితే ఆ రకం స్పంజి గాలిలో తేమకు తనంతట తానే కుళ్ళిపోతుందట, వాడినా వాడకపోయినా. అంచు మార్చే పనివాళ్ళు ఉన్నారు, అదేమంత ఘోరం కాదు. కానీ ఆ ఖర్చు అమ్మేవాళ్ళ ధరలోంచి తీసెయ్యాలి. తీసెయ్యమన్నాం, ఆయన ఒప్పుకోలేదు, వచ్చేశాం. మా నాన్న పాత సైకిలు కొనడానికి వెళ్ళినప్పుడు ఇదే పద్ధతి. ముందు టైర్లు చూసేవారు.

తర్వాత మద్రాసు వెళ్ళాం. చెన్నై అనాలి, నా నోటికి రాదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడు నాలుగు గంటల బస్సు. మన తెలుగు సినిమా పాటలన్నీ ఒకప్పుడు అక్కడే పుట్టాయి. పాటగాళ్ళూ, వాద్యాలవాళ్ళూ అందరూ ఒకేసారి కూచుని పాడేసేవాళ్ళు. ఒకరు తప్పితే అందరూ మొదటినుంచీ. ఇప్పుడు వాహినీ స్టూడియో ఉన్నచోట ఆసుపత్రీ, మాలూ ఉన్నాయి. పాటలు కంప్యూటర్లలోకి, చిన్న చిన్న గదుల్లోకి సర్దుకున్నాయి. పెద్ద సంసారం విడిపోయినప్పుడు గంగాళాలు, గుండిగలు బయటికొచ్చినట్టు, ఆ స్టూడియోల సామాను చేతులు మారుతూ ఉంటుంది. మౌంటురోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్లో ఎలెక్ట్రానిక్ సామాను కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ అడగ్గా అడగ్గా, పాటల పని మానుకున్న ఒకాయన ఇంట్లో ఒక జత ఉందని తెలిసింది. వెళ్ళి చూద్దుము గదా, నల్లపెట్టెలు, తెల్ల గరాటాలు! తెలుపు కాస్తా పాత ధోవతిలాగా పసుపు తిరిగింది. మా పిల్ల మొహం చూసి, బేరం చెడగొట్టుకుంటుందేమోనని మోచేత్తో పొడిచాను.

అప్పుడది చేసిన పరీక్ష చూడాలి. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కూడా నన్ను అంత పరీక్ష చెయ్యలేదు. రెండు పెట్టెల వెనకా నంబర్లు చదివింది. ఒక జతగా పుట్టినవా, ఎక్కడిదక్కడ తెచ్చి జతకట్టినవా అని. గరాటాను పది వేళ్ళతో చుట్టూ సమానంగా, పూవును తాకినట్టు లోపలికి నొక్కి, చెవి పెట్టింది. లోపలి తీగచుట్ట ఎక్కడైనా ఒరుసుకుంటే గర్రుమంటుందట. పైనున్న చిన్న బుడిపెను మాత్రం ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు; అది సొట్టపోతే ఇక అంతే. ఇవి లోపల కరెంటు లేనివి, వేరే ఆంప్లిఫయరు కావాలి. కరెంటు పెట్టెలైతే ఇంకో సంగతి చూసుకోవాలిట. జపానులో కరెంటు వంద వోల్టులు, మనది 230. చవగ్గా వచ్చిందని తెచ్చి ఇంట్లో ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది.

ఆయన మర్యాదగా ఒక పాట పెట్టి, వాల్యూము పెంచాడు. ఎంత బాగుందో! పిల్ల వెంటనే తగ్గించమంది. ఇందులో కిటుకు ఉంది, మీరు ఏ స్పీకరు కొన్నా పనికొస్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు లెక్కగట్టి చెప్పారు: చప్పుడు తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్థాయి సరిగ్గా వినబడదు, పెంచేకొద్దీ నిండుగా వినబడుతుంది. అంటే గట్టిగా పెడితే ప్రతి స్పీకరూ గొప్పదే. కొట్లో దీపాలు గుర్తొచ్చాయా? మాట్లాడుకునేంత చప్పుడులో విని, అప్పుడు బాగుందంటే బాగున్నట్టు.

ఆ తర్వాత తన ఫోనులోంచి పాట కాదు, మాట వినిపించింది. తనే చదివి పట్టుకొచ్చిన నాలుగు తెలుగు వాక్యాలు. శ, ష, స మూడూ విడివిడిగా వినబడాలి. పైస్థాయి స్పీకరు నీరసించి ఉంటే 'శ్రీ' కాస్తా 'స్రీ' అవుతుంది. మరీ పదునుగా ఉంటే ప్రతి 'స' దగ్గరా పామును తొక్కినట్టు బుస్సుమంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో లేని పరీక్ష ఇది, పిల్ల సొంత తెలివి. ఎడమదీ కుడిదీ ఒక్కొక్కటిగా విని, అటుది ఇటూ ఇటుది అటూ మార్చి మళ్ళీ వినింది. రెండూ ఒక్క తల్లి బిడ్డల్లా పలికాయి.

"మృదంగం ఎడమవైపు సరిగ్గా వినపడ్డంలేదే" అన్నాను, నాకూ కొంత తెలుసునని చూపించుకోవడానికి.

"దీని గుణమే అంతత్తా. కింది స్థాయి తక్కువ. అది తెలుసు గాబట్టి హెడ్‌ఫోన్లో ఒకసారి సరిచూసుకుంటా. తెలిసిన లోపం లోపం కాదు."

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఈ ముక్కే. చెవి మాట మాత్రమే వినేవాళ్ళైతే ఇవి కొనకండి, చెవి కోస్తాయి. కొత్తవే కావాలంటే, మన దేశంలోనే కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్ వంటివాళ్ళు స్టూడియో స్పీకర్లు చేస్తున్నారు, బాగు చేయించుకోవడానికి దూరం పోనక్కర్లేదు. పాతది కొనడంలో లాభం డబ్బొక్కటే కాదంటుంది పిల్ల. నలభై ఏళ్ళుగా వేలమంది విని, మంచీ చెడూ రాసిపెట్టిన పెట్టె గనక, దాని గుణం ముందే తెలుస్తుంది. కొత్త కోడలిలా ఆర్నెల్లు ఆగక్కర్లేదు. నా చీటీ డబ్బులో సగం పైచిలుకు అక్కడే పోయింది. పెట్టె మూల చెక్క లేచిందని, గరాటా పసుపైందని చెప్పి నేనూ కొంత తగ్గించాను. ఆ రెండింటివల్లా పాటకు ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

తిరుపతికి తెచ్చి మేడమీద గదిలో పెట్టి పాట వేస్తే, ఏముంది, ఘోరం. బండపరుపు గది, ఉత్త గోడలు. చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. బీరువాలోంచి పాత బొంతలు, అమ్మ కుట్టినవి రెండు, తీసి గోడలకు వేలాడగట్టాం. పెట్టెలు గోడకు దూరంగా జరిపి, చెవి ఎత్తుకు బల్ల మీద పెట్టి, రెండింటి మధ్యా ఎంత దూరమో, మా కుర్చీకీ వాటికీ అంతే దూరం ఉండేటట్టు సర్దాం. అప్పటికి గది దారికొచ్చింది.

కానీ అమ్మ క్యాసెట్టు పెట్టేసరికి ఒక వింత జరిగింది. అమ్మ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియలేదు. అటూ ఇటూ చెదిరిపోయి, పల్చగా, తల వెనక ఎక్కడో తిరుగుతున్నట్టుంది. నా గుండె జారింది; అంత డబ్బూ పోసి చెడిపోయినవి కొన్నామా? పిల్ల ఓ నిమిషం తల వంచుకుని విని, లేచి వెళ్ళి, ఒక పెట్టె వెనక ఎర్రతీగనూ నల్లతీగనూ విప్పి తారుమారు చేసింది. తీగలు నేను బిగించాను లెండి. ఒకటి తిరగబడితే, ఒక గరాటా గాలిని ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. ఒకదాని పని ఒకటి చెరిపేస్తుంది. మళ్ళీ పెట్టింది. అమ్మ వచ్చి సరిగ్గా రెండు పెట్టెల నడుమ, మా ఎదురుగా కూచుంది. అక్కడ బల్ల తప్ప ఏమీ లేదని తెలిసినా, నేను కొంగు సర్దుకున్నాను.

రెండు హారతులు విన్నాం. వెనకాల నా గొంతు కూడా ఉంది. అమ్మతో కలిసి పాడానని నలభై ఏళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాను మరి. రెండో పాటకూ మూడో పాటకూ మధ్య అమ్మ దగ్గడం ఒకటి ఉంటుంది. పాత టేపురికార్డర్లో ఎన్నిసార్లు విన్నా దగ్గే. ఈ పెట్టెల్లో అది దగ్గు కాదు. మాట. గొంతు తగ్గించి, పక్కనున్న మనిషితో అన్నమాట.

"ఊరికే ఉండు మే. శ్రుతి పోతాంది."

పక్కనున్నది నేనే. పిల్ల నావైపు చూడకుండా చాలాసేపు కంప్యూటరు వైపే చూసింది, నవ్వు ఆపుకోవడానికి. తర్వాత మెల్లగా, "అత్తా, నీ గొంతు అవ్వ గొంతుతో కలిసిపోయింది. కొంచెం తగ్గించగలను గానీ పూర్తిగా తీయలేను. ఆ మాట మాత్రం కోసెయ్యచ్చు. కోసేదా?" అంది.

"చీటీ డబ్బు ఎవరిదే?" అన్నాను.

"నీదే."

"అయితే అమ్మ మాట ముట్టుకోకు. నా పాట ఎంత తగ్గించగలవో అంత తగ్గించు."